మిగ్-21కి పెట్టిన ఇత్తడి పిటో ట్యూబ్, మూడేళ్ల తర్వాత

మూడేళ్లయింది ఈ మిగ్-21 బిస్ (మిగ్-21 యుద్ధవిమానంలో ఒక రకం) ప్లాస్టిక్ మోడల్ కట్టి, 1/48 స్కేల్, అంటే అసలు దాంట్లో నలభై ఎనిమిదో వంతు. కిట్ గురించి కొత్తగా చెప్పేదేం లేదు, ప్యానెల్ లైన్లు (రేకుల అతుకుల్ని చూపించే గీతలు) ఎలా ఉన్నాయి, డెకాల్స్ (స్టిక్కర్ల లాంటి గుర్తులు) ఎలా కూర్చున్నాయి ఇవన్నీ అందరికీ తెలిసినవే కాబట్టి వదిలేస్తున్నా. దానికి విడిగా కొని పెట్టిన ఆఫ్టర్‌మార్కెట్ సామాను గురించే రాద్దామనుకుంటున్నా, ఎందుకంటే కట్టిన కొత్తలో నేను వాటిని అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ కూడా తెగ మెచ్చుకుంటూ చెప్పా, ఇప్పుడు మూడేళ్లు అల్మరాలో పెట్టి, దుమ్ము దులిపి, ఒకసారి ఇల్లు కూడా మారాక ఆ మాటల్లో కొన్ని సర్దుకోవాల్సి వస్తోంది.

మొత్తం ఐదు పెట్టా. రెజిన్ (అచ్చులో పోత పోసే గట్టి పదార్థం) కాక్‌పిట్, దాంతో పాటు రంగులు ప్రింట్ అయి వచ్చిన ఫోటో ఎచ్ (పలచని లోహపు రేకు ముక్కలు), రెజిన్ చక్రాలు, వెనక జెట్ నాజిల్ అది కూడా రెజినే, ఆఖరున ఇత్తడి పిటో ట్యూబ్, అంటే విమానం వేగం కొలవడానికి ఉండే కడ్డీ. అన్నిట్లోకీ తక్కువ ఖరీదు ఆ పిటో ట్యూబ్‌దే, ఆర్డర్ పెడుతూ పెడుతూ చివర్లో సర్లే ఇదీ పడేద్దాం అని వేసింది. ఇవాళ ఈ ఐదింట్లో ఒక్కటే ఉంచుకో, మిగతావి తీసేయ్ అంటే క్షణం ఆలోచించను, అదే ఉంచుకుంటా.

మిగ్-21 కట్టినవాళ్లకి పిటో ట్యూబ్ బాధ ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు. ముక్కు మీద నుంచి ముందుకి పొడుచుకొచ్చే ఆ కడ్డీ ఈ స్కేల్‌లో కూడా వేలంత పొడుగుంటుంది. కిట్‌లో ఇచ్చే ప్లాస్టిక్ దానికి అచ్చు రెండు సగాలూ కలిసిన చోట పొడుగునా గీత పడుతుంది, ఆ గీతని గీకేస్తూ పోతే గుండ్రంగా ఉండాల్సింది కాస్తా ఒకవైపు చదునైపోతుంది, ఇంకొంచెం గీకితే టప్‌మని విరుగుతుంది. దీనికి ముందు కట్టిన మిగ్‌కి మూడుసార్లు విరిగింది, ఒకసారి రంగు వేస్తుంటే, ఒకసారి డెకాల్స్ అంటిస్తుంటే మోచెయ్యి తగిలి, ఒకసారి ఊరికే అల్మరా తలుపు తీస్తుంటే. అతికించిన ప్రతిసారీ ఓ వెంట్రుక వాసి పక్కకి పోయేది. మిగ్-21ని ఎక్కడ నుంచి చూసినా ముందు కళ్లు వెళ్లేది ఆ కడ్డీ మీదికే, అది వంకరైతే మిగతా విమానం ఎంత బాగా కట్టినా పోయినట్టే.

ఇత్తడిది లేత్ మీద తీసింది. చేతిలో పట్టుకుని దీపం కింద తిప్పుతుంటే మెట్లు మెట్లుగా సన్నబడుతూ వెళ్లి చివరికి సూదిలా అవుతుంది, ఎక్కడా అతుకు గీత లేదు, గీకాల్సిన పనే లేదు. దాని మీద ఉండే బుల్లి రెక్కలు ఫోటో ఎచ్‌లో విడిగా వస్తాయి, ఒక్కోటి ఆవగింజ కంటే చిన్నది, వాటిని పట్టకారుతో పట్టుకుని సూదిమొన మీద సూపర్ గ్లూ చుక్క తీసుకుని అంటించడానికి నాకు ఒక సాయంత్రం పట్టింది. ఒకటి ఎగిరిపోయి మళ్లీ దొరకలేదు, అదృష్టం కొద్దీ రెండు ఎక్కువే ఇచ్చారు. బిస్‌లో పిటో సరిగ్గా ముక్కు మధ్యలో ఉండదు, పైలట్‌కి కుడివైపుకి కొంచెం జరిగి ఉంటుంది, పాత రకాల ఫొటోలు చూసి మధ్యలో పెట్టేస్తారు కొందరు, అది చూసుకోండి. నేను పిన్ వైస్‌తో (చేత్తో తిప్పే చిన్న డ్రిల్) మెల్లగా చిల్లు పెట్టి, ప్రైమర్, రంగు అన్నీ అయ్యాక, డెకాల్స్ కూడా అయ్యాక, అన్నిటికంటే ఆఖర్న గుచ్చా. గుచ్చి రెండడుగులు వెనక్కి జరిగి చూస్తే, అప్పటిదాకా బొమ్మలా ఉన్నది ఒక్కసారిగా మిగ్ అయిపోయింది. ఆ క్షణం నాకింకా గుర్తుంది.

ఇప్పుడు కాక్‌పిట్ సంగతి. ఎక్కువ డబ్బులు దానికే, ఎక్కువ రోజులు కూడా దానికే, మూడు వారాలు పైనే పట్టింది.

డబ్బా విప్పగానే మాత్రం నిజంగా మనసు నిండిపోయింది. సీటు చూడాలి మీరు, బెల్టులు మెత్తని గుడ్డ మడతల్లా పడి ఉన్నాయి, కుషన్ మీద కూర్చుని లేచినట్టు ముడతలు, అంతా ఒకే ముక్కలో పోత పోసింది. ఫోటో ఎచ్ డాష్‌బోర్డ్ రెండు పొరలుగా వస్తుంది, వెనక పొరలో డయల్స్, ముందు పొరలో చిల్లులు, రెండూ కలిపి ఒక్కో డయల్‌లో చుక్క మెరుపు వార్నిష్ వేస్తే అద్దం పెట్టినట్టే మెరుస్తుంది. మిగ్ డాష్‌బోర్డ్ మధ్యలో నిలువుగా ఒక తెల్ల గీత ఉంటుంది చూశారా, విమానం స్పిన్‌లో పడితే పైలట్ విమానం నడిపే కర్రని ఆ గీతకి సూటిగా పెట్టాలని వేసింది, అది కూడా ఎంత నిటారుగా ప్రింట్ చేశారో. రష్యన్ కాక్‌పిట్‌ల ఆ నీలం కలిసిన ఆకుపచ్చ రంగు కలపడానికే నాకు రెండు రాత్రులు పట్టింది, అయినా కష్టం అనిపించలేదు.

కష్టం అంతా టబ్‌ని (కాక్‌పిట్ అడుగు, గోడలు కలిసిన తొట్టి) ఫ్యూజలాజ్ (విమానం మొండెం) లోపల కూర్చోబెట్టే దగ్గర మొదలైంది. రెజిన్ గోడ మందం. కింద పోత దిమ్మని సన్న రంపంతో కోసి, మిగిలింది తడి ఉప్పుకాగితం మీద అరగదీసి (రెజిన్ పొడి ఊపిరితిత్తులకి మంచిది కాదు, తడిపే గీకండి, మాస్క్ పెట్టుకోండి) డ్రై ఫిట్ చేస్తే, అంటే జిగురు లేకుండా పెట్టి చూస్తే, ఫ్యూజలాజ్ రెండు సగాలూ కలవలేదు. మిగ్‌లో చోటు అసలే తక్కువ, కాక్‌పిట్ కిందే ముందు చక్రం గూడు ఉంటుంది, ఆ గూడు పైకప్పు కింద నుంచి తంతోంది, పక్కగోడలు రెండు వైపుల నుంచి తంతున్నాయి. సరే అని టబ్ అడుగు అరగదీశా. చాల్లేదు. గూడు పైకప్పు అరగదీశా. చాల్లేదు. ఇక ఫ్యూజలాజ్ లోపలి గోడ గీకడం మొదలుపెట్టా, కొంచెం గీకడం, టేప్ వేసి చూడటం, మళ్లీ గీకడం, అలా నాలుగు రోజులు. ఐదో రోజు ఎందుకో సగం ముక్కని దీపానికి ఎదురు పెట్టి చూస్తే ఎడమ వైపు క్యానొపీ (కాక్‌పిట్ మీది అద్దపు మూత) అంచు కింద వెలుతురు ఇవతలికి కనిపిస్తోంది, ఉల్లిపొర అంత పలచన అయిపోయింది ప్లాస్టిక్.

అప్పుడే ఆపేసి కిట్ టబ్ పెట్టుకోవాల్సింది. కానీ ఆ సీటు, ఆ డాష్‌బోర్డ్ అప్పటికే రంగులేసి పక్కన పెట్టి ఉన్నాయి, వదలబుద్ధి కాలేదు. లోపల నుంచి సూపర్ గ్లూ పోసి గట్టిపరిచి, రెండు సగాలూ బిగించి కట్టి అతికించేశా. కూర్చుంది. కూర్చుంది గానీ ఫ్యూజలాజ్ అక్కడ ఒక అర మిల్లీమీటర్ ఉబ్బింది, దాంతో ముందు అద్దం అంచుల దగ్గర మెట్టు పడింది, పుట్టీ పెట్టి సర్దా. రంగు వేశాక ఏం తెలియలేదు, అందుకే అప్పట్లో కాక్‌పిట్ సెట్ అద్భుతం, కళ్లు మూసుకుని కొనండి అని చెప్పా అందరికీ. ఆ మాట ఇప్పుడు అంత ధైర్యంగా చెప్పలేను.

ఎందుకంటే ఏడాది తిరిగేసరికి కాక్‌పిట్ వెనక వీపు మీద అతుకు గీత బయటపడింది. ముందు వెంట్రుకలా, ఎండాకాలం వెళ్లేసరికి గోరు తగిలేలా. లోపల బిగుతుగా కూరిన రెజిన్ రెండు సగాల్నీ బయటికి నెడుతూనే ఉంది, సూపర్ గ్లూ గట్టిదే గానీ పెళుసు, వంగదు, చిట్లుతుంది. మళ్లీ గీకి, నింపి, ప్యానెల్ లైన్లు మళ్లీ గీసి, ఆ భాగం వరకు రంగు మళ్లీ వేశా, పక్క రంగుతో కలిసిపోయిందని నేననుకుంటా గానీ ఏటవాలు వెలుతురులో చూస్తే తెలుస్తుంది.

క్యానొపీ ముందు తెరిచి పెట్టా. బిస్‌లో అది కుడివైపుకి ఒరుగుతుంది, ఎడమ వైపు నుంచి చూస్తే సీటంతా కనిపించేది, అడిగినవాళ్లకి టార్చి వేసి మరీ చూపించేవాణ్ని. ఇల్లు మారినప్పుడు ఆ చిన్న బందు విరిగింది. తొందరలో దాన్ని సూపర్ గ్లూతో అతికించా, అతికించి డబ్బా మూత పెట్టేశా, పొద్దున తీసి చూస్తే అద్దం లోపలి వైపంతా తెల్లగా మంచు పట్టినట్టు పొగచూరి ఉంది. సూపర్ గ్లూ ఆవిరి పారదర్శక ముక్కల మీద అలా పేరుకుంటుందని నాకు తెలుసు, చదివా, ఇంకొకళ్లకి చెప్పా కూడా, అయినా ఆ రాత్రి చేతిలో ఏదుంటే అది వాడేశా. ఊడదీసి, మెత్తని పాలిష్‌తో రుద్ది, తర్వాత పారదర్శక యాక్రిలిక్ ఫ్లోర్ పాలిష్‌లో ముంచి ఆరబెడితే చాలా వరకు పోయింది, వెనక మూలలో ఇంకా కొంచెం మబ్బుగా ఉంది. ఇంక బందు జోలికి పోకుండా తెల్ల జిగురుతో మూసి అతికించేశా. అంటే ఇప్పుడు మూడు వారాల పనిలో బయటికి కనిపించేది సీటు తల భాగం, డాష్‌బోర్డ్ పై అంచు, అంతే. ఆ తెల్ల గీత కనిపించదు. అది తలుచుకుంటే మాత్రం బాధగా ఉంటుంది.

నాజిల్, చక్రాల గురించి క్లుప్తంగా. నాజిల్ లోపలి రేకుల వివరం బాగుంది, కిట్ దాని కంటే చాలా లోతు కనిపిస్తుంది, దాని మీద నాకు ఫిర్యాదు లేదు, కానీ అది గట్టి రెజిన్ ముద్ద, బరువంతా తోక చివర. తోక కూలబడకుండా ముక్కులోని కోన్ లోపల సీసపు గుండ్లు నింపా. ముందు రెజిన్ కాక్‌పిట్, వెనక రెజిన్ నాజిల్, మధ్యలో సీసం, ఈ బరువంతా మోసేది మూడు ప్లాస్టిక్ కాళ్లు. రెండేళ్లకి వెనక కాళ్లు రెండూ కొంచెం బయటికి ఎడం జరిగాయి. రెజిన్ చక్రాల్లో నాకు బాగా నచ్చిందేంటంటే, కింద నేలకి ఆనే చోట బరువుకి నొక్కుకున్నట్టు చదునుగా పోత పోశారు, కాళ్లు ఎడం జరిగాక ఆ చదును నేలకి ఆనట్లేదు, బయటి అంచు లేచి ఉంటుంది, సందులో కాగితం దూరుతుంది. చక్రాలది తప్పు కాదు. లోహపు కాళ్లు వేయొచ్చు గానీ అందులో మెత్తని తెల్ల లోహంతో చేసినవి అవి కూడా వంగుతాయి, ఇత్తడివైతే నిలుస్తాయి అంటారు, నేను వాడలేదు.

మళ్లీ పిటోకి వస్తా, దాన్ని కూడా ఊరికే మెచ్చుకోవడం లేదు. రంగు దాని మీద నిలబడదు. స్పిరిట్‌తో తుడిచి మంచి ప్రైమర్ వేస్తే తప్ప గోరు తగిలితే లేస్తుంది, నేను మొదటిసారి తుడవకుండా వేశా, ఆర్నెల్లకి మొదలు దగ్గర పెచ్చులూడి పసుపు బయటపడింది. చిల్లు లోతుగా పెట్టకపోయినా కష్టమే, మొదట పైపైన పెట్టా, ఒకసారి మొత్తం పిటో ఊడి చేతిలోకొచ్చింది, తర్వాత పిన్ వైస్‌తో ఇంకా లోపలికి తవ్వి గుచ్చితే అప్పట్నుంచి కదల్లేదు. పైగా నిజంగా సూదే, బొటనవేలికి గుచ్చుకుంది ఒకసారి, పిల్లలు అందుకునే ఎత్తులో మాత్రం పెట్టకండి.

కానీ ఇల్లు మారినప్పుడు జరిగింది చెప్పాలి. డబ్బా తెరిస్తే థర్మాకోల్ జరిగి విమానం ముక్కు డబ్బా గోడకి నొక్కుకుని ఉంది, పిటో విల్లులా వంగిపోయి ఉంది. నా గుండె జారిపోయింది. ప్లాస్టిక్‌దైతే అక్కడితో సరి. దీన్ని రెండు వేళ్ల మధ్య పెట్టి, ఊపిరి బిగబట్టి, కొంచెం కొంచెంగా వెనక్కి వంచుతూ వచ్చా. వచ్చేసింది. పూర్తిగా నిటారుగా వచ్చేసింది. వంగిన చోట రంగు సన్నగా పగిలింది, చుక్క రంగు కలిపి కుంచెతో తాకిస్తే అదీ పోయింది. బుల్లి రెక్కల్లో ఒకటి ఊడింది, మిగతావి ఉన్నాయి. అదే డబ్బాలో అదే దెబ్బకి క్యానొపీ బందు విరిగింది, పిటో మాత్రం తిరిగొచ్చింది. ఇంత చిన్న ముక్క మీద ఇంత ప్రేమ ఏంటని మా వాళ్లు అడుగుతారు గానీ రోజూ అల్మరా ముందు నుంచి వెళ్తూ నేను చూసేది దాన్నే.

మరి కాక్‌పిట్ సెట్ కొనొద్దా అంటే అలా చెప్పలేను. నా చేతికి ఓపిక తక్కువ, నా దగ్గర గాజు తలుపుల షోకేస్ లేదు, ఏదో రోజు క్యానొపీ మూసేయక తప్పదు. పోటీలకి పెట్టేవాళ్లకి, క్యానొపీ తెరిచి ఉంచే వీలున్నవాళ్లకి, గీకే ముందు కొలిచే అలవాటున్నవాళ్లకి ఆ సెట్ బాగా పనికొస్తుంది. ఈ మధ్య వస్తున్న 3డి ప్రింట్ కాక్‌పిట్‌లలో గోడలు పలచగా ఉంటున్నాయి, ఒక స్నేహితుడి దగ్గర చూశా, దాదాపు ఒత్తిడి లేకుండా కూర్చుంది, కాకపోతే ఆ రెజిన్ ఇంకా పెళుసు, సపోర్ట్‌లు (ప్రింట్ అయ్యేటప్పుడు ముక్కని నిలబెట్టే పుల్లలు) కోస్తుంటేనే ఒక లీవర్ విరిగింది వాడికి. నా చేత్తో కట్టలేదు కాబట్టి ఇంతకు మించి చెప్పను.

2025 సెప్టెంబర్ 26న చండీగఢ్‌లో చివరి మిగ్-21లు సెలవు తీసుకున్నాయి కదా, అవి బైసన్ అనే రకం, ఈ బిస్‌ని మెరుగుపరిచి చేసినవే. ఆ రోజు దీన్ని కిందికి దించి దుమ్మంతా మెత్తని కుంచెతో దులిపి, వీపు మీది గీతని ఇంకోసారి సరిచేశా. అప్పుడే ఇంకో మిగ్ మొదలుపెట్టా, ఈసారి ఎఫ్-13, 1963లో మన వాయుసేనకి మొట్టమొదట వచ్చిన రకం. దాని పిటో ముక్కు కింద ఉంటుంది, క్యానొపీ ముందుకి లేస్తుంది, తెరిస్తే కాక్‌పిట్ రెండు వైపుల నుంచీ కనిపిస్తుంది, అందుకే మనసు లాగి రెజిన్ సీటు ఒక్కటి కొన్నా, టబ్ మాత్రం కిట్‌దే వేస్తున్నా. ఇత్తడి పిటో వచ్చి నెలైంది, స్పాంజిలోనే ఉంది. ముక్కు కింద చిల్లు మాత్రం ఈసారి ముందే పెట్టేశా, లోతుగా.