రెండో సర్వర్ ఉన్నా ఫోన్లు మోగకపోతే: ఆస్టరిస్క్ జంట సర్వర్లపై సమీక్ష

తిరుపతిలోని మా లాడ్జీలకూ ట్రావెల్స్ కార్యాలయానికీ కలిపి ఉన్న టెలిఫోన్ వ్యవస్థను కొన్నేళ్లుగా ఆస్టరిస్క్ అనే టెలిఫోన్ ఎక్స్ఛేంజి సాఫ్ట్‌వేర్ మీదే నడుపుతున్నాము. ఒక సర్వర్ పనిచేస్తుంటే రెండోది సిద్ధంగా ఉంటుంది. రెండింటికీ ఉమ్మడిగా ఉన్న ఐపీ అడ్రస్‌ను కీపలైవ్‌డీ అనే ప్రోగ్రామ్ చూసుకుంటుంది. మొదటి సర్వర్ నుంచి సెకనుకొకసారి రావలసిన సంకేతం వరుసగా మూడుసార్లు అందకపోతే ఆ అడ్రస్ రెండో సర్వర్‌కు మారుతుంది. అప్పుడు నడుస్తున్న కాల్స్ తెగిపోతాయి. ఇంతవరకు నాకు ఫిర్యాదు లేదు.

అసలు చిక్కు ఆ తర్వాతే మొదలవుతుంది. రిసెప్షన్ ఫోన్ నుంచి బయటికి కాల్ వెంటనే వెళుతుంది కనుక అంతా సవ్యంగానే ఉందనిపిస్తుంది, కానీ ఆ ఫోన్‌కు ఎవరైనా చేస్తే మోగదు. ఏ ఎక్స్‌టెన్షన్ (లోపలి ఫోన్ నంబరు) ఎక్కడ ఉందన్న వివరం మొదటి సర్వర్‌లోనే ఉండిపోతుంది. ఫోన్ మళ్లీ రిజిస్టర్ అయ్యేదాకా, అంటే తానెక్కడ ఉందో సర్వర్‌కు తెలిపేదాకా, రెండోదానికి అది తెలియదు. మా ఫోన్లలో ఆ గడువు మొదట 3600 సెకన్లు, అంటే గంట ఉండేది. బ్రహ్మోత్సవాల రోజుల్లో గదుల కోసం వచ్చే కాల్స్ గంటసేపు మోగకపోతే ఆ బేరం పక్క లాడ్జీకి పోయినట్టే. గడువును 120 సెకన్లకు తగ్గించిన తర్వాత ఈ బాధ దాదాపు తీరింది. మాలాంటి చిన్న వ్యవస్థలో దానివల్ల పెరిగే భారం లెక్కలోకి రాదు, వేల ఫోన్లున్న చోట మాత్రం ఆలోచించాలి.

ముప్పై చానళ్ల పీఆర్‌ఐ లైన్ (టెలిఫోన్ కంపెనీ ఇచ్చే డిజిటల్ లైన్) కార్డు మొదటి సర్వర్‌లోనే బిగించి ఉంటే, ఆ సర్వర్ ఆగినప్పుడు బయటి లైన్ కూడా దానితోనే పోతుంది. అందుకే ఆ లైన్‌ను నెట్‌వర్క్‌తో కలిపే గేట్‌వే అనే పరికరానికి విడిగా ఇచ్చి, రెండు సర్వర్లూ దానితోనే మాట్లాడేలా పెట్టించాము. ఆ గేట్‌వే చెడిపోతే ఏమిటన్న ప్రశ్న మిగిలే ఉంటుంది కనుక, వేరే కంపెనీ ఇంటర్నెట్ మీద ఒక సిప్ ట్రంక్ (ఇంటర్నెట్ ద్వారా నడిచే ఫోన్ లైన్) కూడా ఉంచుకున్నాము. రెండు సర్వర్లకూ యూపీఎస్, నెట్‌వర్క్ స్విచ్ కూడా వేర్వేరుగా ఉండాలి. 2021 నవంబరు వరదలు చూసినవారికి సెల్లార్‌లో ఏదీ పెట్టవద్దని వేరే చెప్పనక్కర్లేదు.

చిత్తూరు శాఖలో ఉమ్మడి అడ్రస్ పనికిరాదు, అది ఒకే నెట్‌వర్క్‌లో చెల్లే పద్ధతి. అక్కడి ఫోన్లలోనే రెండో సర్వర్ పేరు రాసి ఉంచాము.

కేబుల్ లాగి చేసే పరీక్షలో ఈ అమరిక ఎప్పుడూ నెగ్గుతుంది. యంత్రం బాగానే ఉండి ఆస్టరిస్క్ మాత్రమే బిగుసుకుపోయినప్పుడు మాత్రం కీపలైవ్‌డీకి ఏ తేడా కనిపించదు. ఆస్టరిస్క్‌కు సిప్ ఆప్షన్స్ సందేశం (పనిచేస్తున్నావా అని అడిగేది) పంపి, జవాబు రాకపోతే అడ్రస్ వదిలేసే చిన్న స్క్రిప్టును జతచేస్తే తప్ప ఈ పద్ధతిని నేను ఎవరికీ సిఫారసు చేయను.