యాసిడ్ జీవులకు బలైన నా కత్తులు: ఆరేళ్ల ఆట తర్వాత

పాచికలతో ఆడే పాత్రల ఆట డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో నేను ఎప్పుడూ ఆడేది ఫైటర్, అంటే ఆయుధంతో పోరాడే యోధుడు. యాసిడ్ కారే జీవి ఏదొచ్చినా మొదటి దెబ్బ నాదే, మొదట పోయే కత్తీ నాదే. ఆరేళ్లలో మూడు రకాల రూల్స్ కింద ఆయుధాలు పోగొట్టుకున్నాను.

మొదట ఆడింది 3.5 ఎడిషన్ రూల్స్. అందులో బ్లాక్ పుడ్డింగ్ అనే నల్లటి జిగురు జీవిని లోహంతో కొట్టినా, కర్రతో కొట్టినా ఆ ఆయుధానికి రిఫ్లెక్స్ సేవ్, అంటే చురుకుదనంతో తప్పించుకునే పాచిక, బోనస్‌తో కలిపి 21 పడాలి. పడకపోతే అక్కడికక్కడే కరిగిపోతుంది. ఫైటర్ రిఫ్లెక్స్ అంతంతమాత్రం కదా, 315 బంగారు నాణేలు పోసి కొన్న మాస్టర్‌వర్క్ (మేలు రకం) లాంగ్‌స్వోర్డ్ ఒక్క దెబ్బతో గోవిందా. ఆ రోజు అందరం నవ్వుకున్నాం. కానీ ఒక్క పాచికతో తేలిపోయేదాంట్లో నేను ఆలోచించడానికి ఏం మిగిలింది?

తర్వాత 2014లో వచ్చిన రూల్స్‌కి మారాం. నాకు బాగా నచ్చింది ఇక్కడే. గ్రే ఊజ్ అనే బూడిదరంగు జిగురు జీవి కదలకుండా ఉంటే తడి బండలాగే కనిపిస్తుంది, మేం దాని మీదే కాలు పెట్టాం. మాయాశక్తి లేని లోహపు ఆయుధం దానికి తగిలిన ప్రతిసారీ డ్యామేజ్‌లో (దెబ్బ చేసే నష్టంలో) శాశ్వతంగా 1 తగ్గుతుంది. మైనస్ 5కి చేరితే ఆయుధం పోయినట్టే. ఊజ్‌కి ఉండేది 22 హిట్ పాయింట్లు (ప్రాణబలం), మూడు దెబ్బల్లో చచ్చింది, కత్తి మైనస్ 3కి దిగింది. పక్క గదిలో ఇంకోటి. ఒక దెబ్బ వేసి ఆగిపోయాను. నా వంతు వచ్చినప్పుడు "కొట్టనా, వద్దా" అని ఫైటర్ ఆడుతూ ఆలోచించడం నాకు అదే మొదటిసారి.

కొత్త కత్తికి డబ్బుల్లేక ఆ మైనస్ 4 కత్తితోనే మూడు సెషన్లు నెట్టుకొచ్చాను. ఒకసారి గాబ్లిన్‌కి దెబ్బ సరిగ్గా తగిలింది. డీ8 (ఎనిమిది ముఖాల పాచిక) మీద 1 పడింది. బలానికి 3 కలిపి, 4 తీసేస్తే సున్నా. తగిలింది, కానీ గీత కూడా పడలేదు! క్యారెక్టర్ షీట్‌లో రాసి చెరిపి, రాసి చెరిపి కత్తి పేరు పక్కన కాగితం పలచబడిపోయింది.

ఈ రూల్‌కి ఆయుష్షు తక్కువ, అదే నా అసంతృప్తి. బ్లాక్ పుడ్డింగ్ ఛాలెంజ్ రేటింగ్ (ఎంత గట్టి శత్రువో చెప్పే అంకె) 4. అది ఎదురయ్యే వేళకి మా బృందంలో సగం మంది దగ్గర మ్యాజిక్ ఆయుధాలున్నాయి, వాటికి యాసిడ్ అంటదు. లేనివాళ్లకి విజార్డ్ మ్యాజిక్ వెపన్ మంత్రం వేస్తే గంటసేపు దిగుల్లేదు. పైగా కత్తివేటుకి పుడ్డింగ్‌కి ఏమీ కాదు, రెండుగా చీలుతుందంతే. అక్కడ భయమంతా కవచం గురించే. 1500 నాణేల ప్లేట్ ఆర్మర్ రక్షణ అంకె 18 నుంచి 10కి దిగడానికి ఎనిమిది దెబ్బలు చాలు.

2025లో వచ్చిన మాన్‌స్టర్ మాన్యువల్‌లో కోత డ్యామేజ్ మీద కాదు, అటాక్ రోల్ (దెబ్బ తగులుతుందో లేదో తేల్చే పాచిక) మీద. పోరాటం మధ్యలో ఇది ఎక్కువ నొప్పి. దెబ్బ బలం తగ్గడం వేరు, దెబ్బే తగలకపోవడం వేరు. కానీ అదే పేరాలో మెండింగ్ మంత్రం వేస్తే కోత మొత్తం పోతుందని కూడా రాశారు. మెండింగ్ కాంట్రిప్ (ఎన్నిసార్లైనా వేయగల చిన్న మంత్రం), ఒక్క నిమిషం, ఖర్చు సున్నా. ఇంక కత్తి తుడిచి ఒరలో పెట్టుకున్నట్టే ఉంది వ్యవహారం. 2014 రూల్స్ ఆడేటప్పుడు మా డీఎం (ఆట నడిపే వ్యక్తి) దీనికి ససేమిరా అన్నాడు. విరిగినదాన్నీ చిరిగినదాన్నీ అతికించే మంత్రం కరిగిపోయిన లోహాన్ని ఎక్కణ్ణుంచి తెస్తుందని ఆయన వాదన. నేనూ ఆయన పక్షమే, నష్టపోయింది నేనే అయినా.

ఇప్పుడు మేం అటాక్ కోత ఉంచుకున్నాం, మెండింగ్‌తో లాంగ్ రెస్ట్‌కి (రాత్రి నిద్రలాంటి పెద్ద విశ్రాంతికి) ఒక్క పాయింటే తిరిగొస్తుంది. నా షీట్‌లో మాత్రం కొత్తగా ఒక దుడ్డుకర్ర చేరింది, ఒక్క వెండి నాణెం. 2014 రూల్స్ ప్రకారం గ్రే ఊజ్ లోహాన్నే తింటుంది, కర్రని ముట్టదు. డీ4 డ్యామేజే. దాని పేరు పక్కన ఇంతవరకు ఏ మైనస్సూ పడలేదు.