గ్రేలాగ్ రివ్యూ: మూసేసిన సైట్ లాగ్స్ నిజంగా పోతాయా?

సైట్ల లాగ్స్ (ఎవరు ఏ పేజీ ఎప్పుడు తెరిచారో సర్వర్ రాసుకునే రికార్డు) ఒకచోట చేర్చి వెతికే సాఫ్ట్‌వేర్ గ్రేలాగ్, దాని ఉచిత ఓపెన్ వెర్షన్ రెండేళ్లుగా వాడుతున్నాం, మా సొంత సర్వర్ మీదే. సెర్చ్ బాగుంటుంది, డ్యాష్‌బోర్డులు బాగుంటాయి, అవి అందరూ రాస్తారు. నేను రాసేది ఒక్కటే, ఒక క్లయింట్ సైట్ మూసేశాక దాని లాగ్స్ మొత్తం శాశ్వతంగా తీసేయాలంటే ఎలా ఉంటుందని.

మా క్లయింట్, మంగళగిరిలో చీరల షాపు ఆవిడ ఆన్‌లైన్ అమ్మకం ఆపేశారు. ఆపేటప్పుడు ఒక్కటే అడిగారు, "బాబూ, మా దగ్గర కొన్నవాళ్ల ఫోన్ నెంబర్లు మీ దగ్గర ఎక్కడా మిగలకూడదు" అని. లాగ్స్‌లో నెంబర్లెందుకుంటాయి అనిపిస్తుంది కానీ పాత ఆర్డర్ ట్రాకింగ్ పేజీలో నెంబర్ యూఆర్ఎల్‌లోనే వెళ్లేది, అంటే ఎవరు ఆ పేజీ తెరిచినా ఎన్‌జింక్స్ (పేజీలు పంపే వెబ్ సర్వర్) లాగ్‌లో వాళ్ల నెంబర్ పడిపోతుంది.

దీనికి ముందు వేరే క్లౌడ్ లాగ్ సర్వీస్ వాడేవాళ్లం, పేరు వద్దు. అక్కడ సైట్ డిలీట్ కొడితే లిస్టులోంచి పోయింది అంతే, పాత లింక్ తెరిస్తే లాగ్స్ అలాగే ఉన్నాయి, సపోర్ట్‌ని అడిగితే గడువయ్యాక వాటంతటవే పోతాయన్నారు. పోయాయో లేదో ఈరోజుకీ మాకు తెలీదు. అందుకే ఈసారి నా కళ్లతో చూడాలనుకున్నా.

గ్రేలాగ్‌లో అది కుదురుతుంది, ఎందుకంటే ప్రతి సైట్‌కీ విడిగా ఒక ఇండెక్స్ సెట్ (దాని లాగ్స్ మాత్రమే ఉండే అర లాంటిది) పెట్టుకోవచ్చు. ఆ సెట్ డిలీట్ చేసేటప్పుడు లోపలి డేటా కూడా తీసేయాలా అని అడుగుతుంది, అవును అంటే ఓపెన్‌సెర్చ్‌లో (గ్రేలాగ్ లాగ్స్ దాచే డేటాబేస్) ఆ ఇండెక్స్‌లు మొత్తంగా పోతాయి, డిస్క్‌లో జాగా అప్పటికప్పుడే ఖాళీ అవుతుంది. ఇది నాకు చాలా నచ్చింది.

కానీ ముందు సైట్ సర్వర్‌లో ఫైల్‌బీట్ (లాగ్స్‌ని గ్రేలాగ్‌కి పంపే ప్రోగ్రామ్) ఆపండి. ఆపకుండా స్ట్రీమ్ (ఏ లాగ్స్ ఏ ఇండెక్స్ సెట్‌లోకి వెళ్లాలో చెప్పే దారి) తీసేస్తే వచ్చే లాగ్స్ ఆగవు, అన్నిటికీ ఉమ్మడిగా ఉండే డిఫాల్ట్ స్ట్రీమ్‌లోకి వెళ్లి పడతాయి.

ఇంకోటి, మేం పొరపాటు చేసింది ఇక్కడే. స్ట్రీమ్ పెట్టేటప్పుడు "డిఫాల్ట్ స్ట్రీమ్ నుంచి తీసేయి" అనే టిక్ ఒకటుంటుంది, మేం అది పెట్టలేదు, దాంతో ప్రతి లైనూ సైట్ ఇండెక్స్‌లో ఒకటి, డిఫాల్ట్ ఇండెక్స్‌లో ఇంకోటి, రెండు కాపీలు సేవ్ అయ్యాయి. సెట్ డిలీట్ చేశాక అనుమానమొచ్చి ఒక నెంబర్ వెతికితే వచ్చేసింది! నాకు గుండె ఆగినంత పనైంది. డిఫాల్ట్‌లో మిగతా క్లయింట్ల లాగ్స్ కూడా ఉన్నాయి కాబట్టి మొత్తం తుడవలేం, 2022 ఏప్రిల్ 28న సర్ట్-ఇన్ (కేంద్రం సైబర్ భద్రతా సంస్థ) ఇచ్చిన ఆదేశాల ప్రకారం 180 రోజుల లాగ్స్ ఉంచాలి (ఈ సైట్‌వి కూడా ఆ గడువు దాటాకే ముట్టుకున్నాం). గ్రేలాగ్ స్క్రీన్‌లో లైన్ లైన్‌గా ఏరి తీసే వీలు లేదు, నేరుగా ఓపెన్‌సెర్చ్‌లోకి వెళ్లి పాత ఇండెక్స్‌ల మీద రైట్ బ్లాక్ (మార్చకుండా ఉండే తాళం) తీసి డిలీట్ బై క్వెరీ (వెతికి దొరికిన లైన్లనే తీసే కమాండ్) నడిపాం. అది కూడా వెంటనే తుడవదు, డిలీట్ అయినట్టు గుర్తు మాత్రమే పెడుతుంది, సెగ్మెంట్లు (ఇండెక్స్‌లోని చిన్న ఫైళ్లు) మెర్జ్ అయితేనే, అంటే కలిపి కొత్తగా రాస్తేనే, డిస్క్‌లోంచి పోతాయి కాబట్టి ఆ పని వెంటనే చేయించే ఫోర్స్ మెర్జ్ కూడా కొట్టాం. చివర్లో బ్యాకప్ స్నాప్‌షాట్లు గుర్తొచ్చాయి, వాటిలో కూడా అదే డేటా ఉంది, ఆ పాతవన్నీ తీసేశాం. ఒక సాయంత్రం మొత్తం పట్టింది.

ఓపెన్‌సెర్చ్, మాంగోడీబీ (గ్రేలాగ్ సెట్టింగులు దాచే డేటాబేస్) రెండూ మనమే చూసుకోవాలి, ఆ పని తెలిసిన మనిషి ఉంటేనే గ్రేలాగ్ తీసుకోండి. ఉంటే మాత్రం ధైర్యంగా చెప్తా, తీసుకోండి, సైట్‌కి ఒక ఇండెక్స్ సెట్ మొదటి రోజే పెట్టుకోండి, ఆ టిక్ కూడా.

మర్నాడు పొద్దున నాలుగైదు నెంబర్లు మళ్లీ వెతికా, ఒక్కటీ రాలేదు. అప్పుడు ఆవిడకి ఫోన్ చేశా.