ప్రజల సొమ్ముతో చేసిన పరిశోధన ఫలిస్తే ఏమివ్వాలి: రాయల్టీనా, బహుమతా, నిధులా?

తిరుపతి ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన వేరుశనగ రకాల పేర్లు మన పల్లెల్లో చాలామంది నోట వినిపిస్తాయి. నారాయణి, అభయ, ధరణి. వాటిని రూపొందించినవాళ్లలో ఒక్కరి పేరైనా చెప్పమంటే మాత్రం ఎవరికీ తెలియదు. వాళ్లకు నెలనెలా జీతం వచ్చింది, తర్వాత పెన్షన్ వస్తుంది. అక్కడితో లెక్క సరి.

"జీతమిచ్చేది అందుకేగా, మళ్లీ బహుమానం దేనికి?" అని అడిగేవాళ్లున్నారు. న్యాయమైన ప్రశ్నే. కానీ బహుమానం ఇప్పటికే ఉంది, కాకపోతే వేరే పనికి ఇస్తున్నాం. ఇద్దరు సైంటిస్టులు ఒకే జీతం మీద ఉన్నారనుకుందాం. ఒకరు పదేళ్లు ప్లాట్లలోనూ రైతుల పొలాల్లోనూ తిరిగి ఒక రకాన్ని బయటికి తెచ్చారు. ఇంకొకరు ఏడాదికి నాలుగు పేపర్లు అచ్చు వేయించుకున్నారు. ప్రమోషన్ ఇంటర్వ్యూలో రెండో ఆయన ఫైలే బరువుగా ఉంటుంది. 2010లో యూజీసీ తెచ్చిన ఏపీఐ, అంటే పేపర్లు వంటివాటికి మార్కులు వేసి ప్రమోషన్ తేల్చే పద్ధతి, ఈ లెక్కను మన యూనివర్సిటీలకు బాగా అలవాటు చేసింది. కాబట్టి పేపర్‌కు ఇస్తున్న విలువ జనానికి అందిన మేలుకు ఎలా ఇవ్వాలన్నదే చూడాల్సిన విషయం. దానికి ముఖ్యంగా మూడు దారులు కనిపిస్తాయి.

మొదటిది రాయల్టీ. ప్రభుత్వ డబ్బుతో కనిపెట్టినదానిపై పేటెంటు తీసుకుని, కంపెనీకి లైసెన్సు ఇచ్చి, వచ్చే ఆదాయంలో కొంత కనిపెట్టినవాళ్లకు పంచడం. అమెరికాలో 1980 నాటి బే-డోల్ చట్టం దీనికి తలుపు తెరిచింది. మన దగ్గర అదే దారిలో 2008 డిసెంబరులో రాజ్యసభలో ఒక బిల్లు పెట్టారు. నికర ఆదాయంలో కనీసం 30 శాతం పరిశోధకుడికి ఇవ్వాలని అందులో ఉంది. చర్చలు సాగాయి, విమర్శలు వచ్చాయి, 2014లో బిల్లును వెనక్కి తీసుకున్నారు. చట్టం రాకపోయినా ఐఐటీలు, సీఎస్ఐఆర్, ఐసీఏఆర్ లాంటి సంస్థలు ఆదాయం పంచుకునే నియమాలు సొంతంగా పెట్టుకున్నాయి.

ఈ పద్ధతిలో ఒక పెద్ద సుఖం ఉంది. ఎవరు గొప్ప, ఎవరు కాదు అని తేల్చే కమిటీ అక్కర్లేదు. సరుకు అమ్ముడైతే డబ్బు వస్తుంది, లేకపోతే రాదు. ఖజానాకు ఖర్చూ లేదు. కోవిడ్ టీకా కోవాగ్జిన్ అమ్మకాల మీద, దాన్ని కంపెనీతో కలిసి తయారుచేసిన భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్)కి 5 శాతం రాయల్టీ వచ్చేలా ఒప్పందం ఉండటం తెలిసిందే. ఐతే అదే టీకా పేటెంటు దరఖాస్తులో ఐసీఎంఆర్ పేరు లేదని 2024లో గొడవైంది. పొరపాటున జరిగిందని చెప్పి కంపెనీ ఆ పేరు చేర్చింది. రాయల్టీ దారిలో వెళ్తే, ఎవరి పేరు ఎక్కడుందో చూసుకునే వకీళ్లు కూడా సంస్థకు ఉండాలన్నమాట.

ఇప్పుడు ఇదే కొలతను వేరుశనగకు పెట్టి చూడండి. పని చేయదు. కారణం పంటలోనే ఉంది. హైబ్రిడ్ మొక్కజొన్నలో గింజను దాచి మళ్లీ విత్తితే దిగుబడి తగ్గుతుంది, అందుకే రైతు ఏటా కొత్త ప్యాకెట్ కొంటాడు, కంపెనీకి లాభం, లైసెన్సుకు గిరాకీ. వేరుశనగ తనలో తానే పరాగసంపర్కం జరుపుకునే పంట. మంచి కాయ దాచుకుంటే వచ్చే ఏడాది విత్తనం అదే. పైగా ఎకరాకు అర క్వింటాలుకు మించి గింజలు కావాలి, ఒక బస్తా విత్తనం పండిస్తే వచ్చే బస్తాలు కొద్దే. ఇంత బరువైన, ఇంత తక్కువ పెరిగే విత్తనాన్ని గోదాముల్లో పెట్టి అమ్మడానికి ఏ పెద్ద కంపెనీ ఉబలాటపడుతుంది? అందుకే మన దగ్గర శెనక్కాయల విత్తనమంటే సబ్సిడీ విత్తనకాయల కోసం క్యూ, లేదంటే పక్క ఊరి రైతు దగ్గర బేరం. 2001 నాటి మొక్కల రకాల రక్షణ, రైతుల హక్కుల చట్టం కూడా రైతు విత్తనం దాచుకోవచ్చు, మార్చుకోవచ్చు, బ్రాండు పేరు లేకుండా అమ్ముకోవచ్చు అంటుంది. అది మంచి చట్టం, అలాగే ఉండాలి. కానీ ఆ పొలాల నుంచి సైంటిస్టుకు రాయల్టీ పైసా కూడా రాదు.

కాళహస్తి తెగులు సంగతి తీసుకోండి. 1970ల నడుమ శ్రీకాళహస్తి చుట్టుపక్కల శెనక్కాయలు నల్లబడి, కాయ పెరగక చిన్నదైపోయేది. నేలలో ఉండే నులిపురుగు దానికి కారణమని తేలింది. దాన్ని తట్టుకునే రకాలు తిరుపతి కేంద్రం నుంచి వచ్చాయి, వాటిలో ఒకదాని పేరే 'కాళహస్తి'. ఒక తాలూకా నేలకు పట్టిన జబ్బుకు మందు కనిపెట్టే పనిలో మార్కెట్ ఎంత ఉంటుంది? రాయల్టీ ఒక్కటే ఆశ చూపితే తెలివైన కుర్రవాడు ఆ పని ముట్టుకోడు. హైబ్రిడ్ల వైపు, పురుగుమందుల వైపు వెళ్తాడు. నాకు రాయల్టీ మీద ఉన్న ఫిర్యాదు ఇదే. అది అమ్ముడుపోయినదానికి జీతం ఇస్తుంది, పనికొచ్చినదానికి కాదు.

ఇంకా దూరం వెళ్లక్కర్లేదు. తిరుపతి నుంచి చిత్తూరు వైపు పోతే గాదంకిలో జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల ఉంది, పైగాలుల కదలికను గమనించే 53 మెగాహెర్ట్జ్ ఎంఎస్టీ రాడార్‌తో. 2021 నవంబరులో తిరుపతి వీధుల్లో నీళ్లు నిలిచి, రాయలచెరువు కట్టకు గండి పడుతుందేమోనని కింది ఊళ్లవాళ్లు ఇళ్లు ఖాళీ చేశారు. మన కొండల మీద మేఘం ఎలా కుమ్మరిస్తుందో అర్థం చేసుకునే పరిశోధనకు అలాంటి రోజున విలువ ఎంత? దాన్ని ఎవరికి లైసెన్సు ఇస్తాం? తిరుపతి రుయా ఆసుపత్రి పిల్లల వార్డులో విరేచనాలతో వచ్చిన బిడ్డకు పట్టే ఓఆర్ఎస్ నీళ్లూ అంతే. 1971లో బంగ్లా శరణార్థుల శిబిరంలో డాక్టర్ దిలీప్ మహలనబిస్ దాన్ని పెద్ద ఎత్తున వాడి ప్రాణాలు నిలబెట్టారు. ఉప్పూ, చక్కెరా, నీళ్లూ. ఎవరు పేటెంటు కడతారు? ఆయనకు పద్మవిభూషణ్ వచ్చింది 2023లో, చనిపోయిన తర్వాత.

ఇక్కడే రెండో దారి మంచిచెడ్డలు రెండూ కనిపిస్తాయి. బహుమతికి మార్కెట్‌తో పని లేదు. చిత్తూరు తోతాపురి గుజ్జు ఫ్యాక్టరీలు నడిచే సూత్రమే దీనికి సాక్ష్యం. ఆహారాన్ని మూసి వేడిచేసి నిల్వ ఉంచే పద్ధతి తేల్చిన నికోలా అపెర్ట్‌కు 1810లో ఫ్రాన్స్ ప్రభుత్వం 12,000 ఫ్రాంకులు ఇచ్చింది. షరతు ఒక్కటే, ఆ పద్ధతిని పూర్తిగా అచ్చువేసి అందరికీ అందించాలి. అదే ఏడాది ఇంగ్లండులో పీటర్ డ్యురాండ్ ఆహార నిల్వపై పేటెంటు పుచ్చుకున్నాడు. ఒక ఆలోచన ఒక దేశంలో అందరిదీ అయింది, ఇంకో దేశంలో ఒకరి సొత్తు అయింది. ప్రజల డబ్బుతో చేసిన పనికి మొదటిదే సరిపోతుందనిపిస్తుంది.

ఐతే మనం బహుమతి ఇచ్చే తీరు వేరు. శాంతి స్వరూప్ భట్నాగర్ అవార్డుతో ఒకప్పుడు 5 లక్షల రూపాయలు వచ్చేవి. 2023లో కేంద్రం తన సైన్సు అవార్డుల్లో చాలావాటిని కుదించి రాష్ట్రీయ విజ్ఞాన్ పురస్కార్‌గా మార్చింది. ఇప్పుడు పతకం, ప్రశంసాపత్రం. మంచి మార్పు ఒకటుంది, జట్టుకు కూడా అవార్డు పెట్టారు, 2024లో అది చంద్రయాన్-3 బృందానికి వెళ్లింది. కానీ దేశం మొత్తానికి ఏటా కొన్ని పదుల పతకాలు. ఒక జిల్లా తెగులు మీద పనిచేసిన మనిషి దాకా ఆ వరుస ఎప్పుడు వస్తుంది? 1986లో బాపట్ల నుంచి వచ్చిన బీపీటీ 5204, అంటే సాంబ మసూరి, ఇప్పటికీ మన కంచాల్లో ఉంది. దాని వెనక మనుషుల్ని తలుచుకునేది ఎందరు? పైగా కమిటీ అన్నాక పైరవీ తప్పదు, దరఖాస్తు నింపడంలో నేర్పరే ముందుంటాడు.

మూడోది నిధులు. ఫలితం చూపినవాళ్లకు ఇంకో ఐదేళ్లు ఎవరినీ అడగక్కర్లేకుండా పరిశోధనకు డబ్బు, ఇద్దరు ఫీల్డ్ అసిస్టెంట్లు, బోరు, కోల్డ్ రూమ్. పరిశోధన కేంద్రాల్లో పనిచేసేవాళ్లతో మాట్లాడితే సొంతానికి డబ్బు కంటే ముందు ఇదే అడుగుతారు, పోస్టులు ఖాళీగా ఉండటం వాళ్ల పెద్ద బాధ. దేశానికి కూడా లాభం, మేలు చేసిన చేయి ఆగదు. లోపమల్లా ఒకటే. పిల్లల ఇంజినీరింగ్ ఫీజు పరిశోధన నిధుల్లోంచి కట్టలేం. రిటైరైన మనిషికి అవి బొత్తిగా పనికిరావు.

నా ఓటు రెండోదానికే, కాకపోతే కమిటీ చేతిలోంచి తీసి లెక్క చేతిలో పెట్టిన బహుమతికి. పంటల విషయంలో ఆ లెక్క ప్రభుత్వం దగ్గరే ఉంది. బ్రీడర్ విత్తనం, అంటే ఒక రకానికి మూలమైన విత్తనం, కోసం రాష్ట్రాలు ఏటా రకాలవారీగా కేంద్రానికి ఇండెంట్లు (కావాల్సినంత కోరే పత్రాలు) పెడతాయి. ఏ రకం ఎన్ని క్వింటాళ్లు, ఎన్నేళ్లుగా అడుగుతున్నారో అందులో తెలిసిపోతుంది. రైతు ఇంట్లో దాచుకున్న విత్తనం అందులో పడదు, నిజమే. అయినా రకాల మధ్య పోలిక తెలుస్తుంది. రాయలసీమ రైతు కదిరి-6 వేరుశనగ రకాన్ని ఏళ్లకేళ్లు వదల్లేదంటే, ఆ సంగతి ఇండెంట్లలో కనిపించకుండా పోదు. రకం విడుదలైన ఐదో ఏట, పదో ఏట, పదిహేనో ఏట ఈ లెక్క చూసి డబ్బు ఇవ్వొచ్చు. రైతు లాభాన్ని కొలతగా పెట్టకూడదు. పంట బాగా వచ్చిన ఏడాదే రేటు పడిపోవడం మన తోతాపురి రైతులు చూస్తున్నదే, ఆ రేటు సైంటిస్టు చేతిలో లేదు.

గాదంకి లాంటి చోటికి ఇంత సులువైన లెక్క దొరకదు. అక్కడ మూడో దారే, నిధులే మేలు. టీకాలు, పరికరాలు, హైబ్రిడ్లు, అంటే కంపెనీ తప్పకుండా కొనేవాటికి రాయల్టీ ఉండనివ్వండి. మూడింటిలో ఒకటే పట్టుకోవాలని ఎవరన్నారు?

పంపకం దగ్గర మాత్రం గట్టిగా ఉండాలి. పేపర్ మీద మొదటి పేరు ప్రధాన శాస్త్రవేత్తది. పువ్వులు విప్పి క్రాసింగ్ చేసినవాళ్లు, నెలకు 37,000 రూపాయల ఫెలోషిప్ మీద పీహెచ్‌డీ చేస్తూ డేటా రాసినవాళ్లు, ఎండలో ప్లాట్లు కాపాడిన దినకూలీలు చాలాసార్లు ఆ కాగితంలో ఉండరు. బహుమతిలో సగం జట్టుకు, సగం ఆ కేంద్రం పరిశోధనకు అన్నది నాకు సబబుగా తోస్తోంది. జట్టు జాబితాను రకం విడుదలయ్యే రోజునే రాసి పెట్టాలి. డబ్బు వచ్చాక రాస్తే ఎవరెవరి పేర్లు చేరతాయో మనకు తెలియంది కాదు. ఒక రకం క్రాసింగ్ నుంచి మినీకిట్లు (రైతులు వేసి చూడటానికి ఇచ్చే చిన్న విత్తన పొట్లాలు) దాటి రైతు దగ్గర స్థిరపడేసరికి పది పదిహేనేళ్లు పడుతుంది, అప్పటికి జట్టులో సగం మంది రిటైరో బదిలీనో అయ్యుంటారు. వాళ్ల వాటా వాళ్ల పెన్షన్ ఖాతాలోనే పడాలి, పాత ఆఫీసు చుట్టూ తిప్పకుండా.