మూడున్నరేళ్ల ల్యాప్‌టాప్, మాటిమాటికీ పడిపోయే డ్రైవరు

పెళ్లి వీడియోల ఎడిటింగ్ నా పని. రాజోలులో మా ఇంటి మేడ మీది గదే నా స్టూడియో. 2021 డిసెంబరులో, ధనుర్మాసం కావడంతో పెళ్లిళ్లు లేక కాస్త తీరిక దొరికిన రోజుల్లో, 86,000 రూపాయలు పోసి ఈ ల్యాప్‌టాప్ కొన్నాను. 15.6 అంగుళాల తెర, 16 జీబీ ర్యామ్, ప్రాసెసర్‌లోనే ఉండే గ్రాఫిక్స్ కాక విడిగా 6 జీబీ గ్రాఫిక్స్ కార్డు. కంపెనీ పేరు రాయను. నన్ను ఏడాదికి పైగా వేధించిన జబ్బు ఏ కంపెనీ యంత్రానికైనా రావచ్చు.

ముందు మంచి చెప్పాలి. మొదటి పదిహేడు నెలలు దీన్ని పల్లెత్తు మాట అనాల్సిన అవసరం రాలేదు. కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్లి డ్రోన్‌తో తీసిన 4కె వీడియోను ఆ రాత్రే కూర్చుని తెల్లారేసరికి పూర్తి చేసి ఇచ్చాను. తెర రంగులు నమ్మదగ్గవి. పసుపు పసుపులాగే, కుంకుమ కుంకుమలాగే కనిపిస్తాయి, మా పనిలో అంతకన్నా పెద్ద పరీక్ష లేదు. స్పీకర్లు దండగ. బ్యాటరీ కొత్తలో నాలుగు గంటలు వచ్చేది, ఇప్పుడు గంటంబావు. కీబోర్డు మీద ఎస్ అక్షరం అరిగిపోయింది, సేవ్ నొక్కి నొక్కి. అలా నొక్కే అలవాటు ఎందుకు పట్టుకుందో కింద చదివితే తెలుస్తుంది.

2023 మే నెల. చేతిలో ఐదు పెళ్లిళ్లు. తలంబ్రాల ఘట్టానికి రంగులు సరిచేస్తుండగా తెర ఒక్కసారిగా నల్లబడింది. రెండు మూడు సెకన్లలో తిరిగి వచ్చింది కానీ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ మూతబడి ఉంది, నలభై నిమిషాల పని గల్లంతు. మరునాడూ అంతే. "డ్రైవర్ మళ్లీ క్రాష్ అయింది" అని ఫోనులో స్నేహితుడికి చెబుతుంటే వంటింట్లోంచి అమ్మ గరిటె పట్టుకుని పరుగున వచ్చింది. "ఎవరికి తగిలాయిరా దెబ్బలు? మన ట్రాక్టరు డ్రైవరుకేనా?"

నేనన్న డ్రైవర్ మనిషి కాదనీ, తెర మీది బొమ్మల పని చూసే గ్రాఫిక్స్ కార్డును నడిపించే సాఫ్ట్‌వేర్ అనీ, దెబ్బలు నాకే తగిలాయనీ చెప్పినా ఆమెకు అర్థం కాలేదు. నాకూ అప్పటికి అర్థం కాలేదు. విండోస్‌లో జరిగినవన్నీ నమోదయ్యే ఈవెంట్ వ్యూయర్ తెరిస్తే 4101 అంకెతో ఒక నమోదు కనిపించింది. డిస్‌ప్లే డ్రైవర్ స్పందించడం మానేసి మళ్లీ కోలుకుందని దాని సారాంశం. విండోస్‌లో విస్టా కాలం నుంచీ ఒక కాపలా ఏర్పాటు ఉంది. గ్రాఫిక్స్ కార్డుకు పని అప్పగించాక రెండు సెకన్లు చూస్తుంది. జవాబు రాకపోతే యంత్రం మొత్తం బిగుసుకుపోకుండా డ్రైవరును తానే ఆపి మళ్లీ మొదలుపెడుతుంది. ఒక నిమిషంలో ఇలా ఐదుసార్లు దాటితే ఇక ఓపిక పట్టదు, నీలి తెర వేసి యంత్రాన్నే ఆపేస్తుంది. ఇది తెలియడానికి నాకు నెల పట్టింది. తెలిశాక ఒక సంగతి బోధపడింది: ఆ నమోదులో డ్రైవరు పేరు ఉందంటే తప్పు డ్రైవరుదేనని కాదు. కార్డు పలకలేదని మాత్రమే. ఎందుకు పలకలేదో అందులో ఉండదు.

ఆ రెండు సెకన్ల గడువును విండోస్ లోపలి సెట్టింగులుండే రిజిస్ట్రీలో పెంచుకోమని చాలామంది సలహా ఇస్తారు. నేనూ పది సెకన్లు చేసి చూశాను. జరిగిందల్లా, రెండు సెకన్లకు పడేది పది సెకన్లు కొయ్యబారి ఆ తర్వాత పడింది. వెంటనే పాత విలువే పెట్టేశాను. అంతకన్నా పనికొచ్చే చిట్కా ఒకటుంది. తెర నల్లగా ఉండిపోతే విండోస్, కంట్రోల్, షిఫ్ట్, బి నాలుగు మీటలూ కలిపి నొక్కండి. చిన్న చప్పుడు వచ్చి గ్రాఫిక్స్ డ్రైవరు తిరిగి మొదలవుతుంది. జబ్బు నయం కాదు గానీ, పవర్ మీట నొక్కిపట్టి ఆపేయకుండా చాలాసార్లు గట్టెక్కించింది.

మొదట అందరిలాగే డ్రైవరునే అనుమానించాను. కొత్తది వేశాను. పన్నెండు రోజులు హాయిగా నడిచి మళ్లీ పడింది. వెర్షన్ చూస్తే నేను వేసినది కాదు, దానికన్నా పాతది! రాత్రి ఆటోమేటిక్ అప్‌డేట్‌లో అది వచ్చి కూర్చుంది. ఈసారి ఇంటర్నెట్ తీసేసి, విండోస్ అత్యవసరమైన వాటితో మాత్రమే నడిచే సేఫ్ మోడ్‌లోకి వెళ్లి, డిస్‌ప్లే డ్రైవర్ అన్‌ఇన్‌స్టాలర్ అనే ఉచిత సాధనంతో పాత అవశేషాలన్నీ తుడిచేశాను. ఆటల వాళ్ల కోసం తరచూ వచ్చే డ్రైవరు కాకుండా, ఎడిటింగ్ వాళ్ల కోసం నిదానంగా వచ్చే డ్రైవరును వేశాను. డ్రైవర్లు వాటంతట అవి మారకుండా పరికరాల సెట్టింగులో ఆపాను. ఇంటర్నెట్ తీయడం మరిచిపోకండి. నేను మొదటిసారి మరిచిపోయాను. ఒకవైపు నేను తుడుస్తుంటే మరోవైపు అది దించుకుంటూ కూర్చుంది.

రోజుకు రెండుసార్లు పడేది వారానికి ఒకటి రెండుసార్లకు తగ్గింది. తగ్గింది, పోలేదు.

అప్పుడు చేసిన పనే ఈ మొత్తంలో తెలివైన పని అనుకుంటాను. పడినప్పుడల్లా గోడ మీది తెలుగు క్యాలెండరులో ఆ తేదీ గడిలో సమయం రాయడం మొదలుపెట్టాను. రాహుకాలం, వర్జ్యం పక్కనే 2:40, 3:15 అని నా అంకెలు. రాహుకాలానికీ దీనికీ సంబంధం లేదని నెలలోనే తేలింది. కానీ రెండు గుంపులు స్పష్టంగా కనిపించాయి. ఎక్కువ భాగం మధ్యాహ్నం రెండుకూ నాలుగుకూ మధ్య, వీడియో ఎక్స్‌పోర్ట్ అవుతున్నప్పుడు, అంటే ఎడిట్ చేసినది తుది ఫైలుగా తయారవుతున్నప్పుడు. మిగిలినవి వేళాపాళా లేనివి, ఒకటి రాత్రి పదకొండుకు కూడా.

మధ్యాహ్నం గుంపు సంగతి వేడి అని ఊహించడం కష్టం కాదు. ఉష్ణోగ్రత చూపే సాధనం పెట్టి చూస్తే ఎక్స్‌పోర్ట్ సమయంలో కార్డు 88 డిగ్రీలు దాటుతోంది. వారంటీ అప్పటికే అయిపోయింది. రాజమహేంద్రవరంలో ఒక సర్వీసు కేంద్రంలో చూపిస్తే మూత కూడా విప్పకుండా మదర్‌బోర్డు మార్చాలి, 38,000 అన్నారు. గుండె గుభేలుమంది. చించినాడ వంతెన దాటి పాలకొల్లులో ఒక చిన్న దుకాణానికి పట్టుకెళ్లాను. ఆయన మూత విప్పి, ఫ్యాన్ పక్కన రాగి రేకుల మధ్య నుంచి పట్టకారుతో ఏదో లాగి నా అరచేతిలో పెట్టాడు. గోధుమరంగు ఉండ.

"ఇది దుమ్ము కాదండి. మీ ఇంటి దగ్గర పీచు మిల్లు గాని ఉందా?" అన్నాడు.

ఉంది. మా వెనక వీధిలోనే కొబ్బరి డొక్కల నుంచి పీచు తీస్తారు. వేసవిలో కిటికీ తెరిస్తే గదంతా సన్నటి పొట్టు. రెండేళ్లుగా ఈ యంత్రం ఆ పొట్టునే పీల్చి గాలి దారి మూసుకుంది. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు రెండింటి వేడీ ఆ ఒక్క దారినే బయటకు పోవాలి. వేడిని లాగే పేస్టు కూడా ఎండి పెళుసై రాలుతోంది. శుభ్రం చేసి కొత్త పేస్టు పూసి 1,200 తీసుకున్నాడు. ఇంటికి వచ్చి అదే వీడియోను ఎక్స్‌పోర్ట్ చేస్తే 75 డిగ్రీలు. క్యాలెండరులో మధ్యాహ్నం అంకెలు ఆగిపోయాయి.

ఇక వేళాపాళా లేని గుంపు. ఇది నన్ను ఇంకో ఐదు నెలలు ఏడిపించింది. ఒక సాయంత్రం కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకున్న ఆ క్షణంలోనే తెర నల్లబడింది. ఎప్పుడూ కరెంటు పోయేదే, ఎప్పుడూ గమనించలేదు, ఎందుకంటే ఫ్యాను ఆగదు, లైటు ఒక్కసారి రెప్పవేస్తుంది, అంతే. మా ఇన్వర్టర్ మీద యూపీఎస్, నార్మల్ అని రెండు స్థానాల మీట ఉంది. నార్మల్‌లో ఉంటే కరెంటు నుంచి బ్యాటరీకి మారడానికి కాస్త ఎక్కువ సమయం తీసుకుంటుంది. ఫ్యాన్లకూ లైట్లకూ అది చాలు. నా ల్యాప్‌టాప్ మాత్రం ఆ రెప్పపాటులో అడాప్టరు ఊడిందనుకుని సొంత బ్యాటరీకి మారి, కార్డు వేగం దించేసి, మరుక్షణమే అడాప్టరు వచ్చిందని మళ్లీ పెంచేది. నిండు పనిలో ఉండగా ఇలా జరిగితే కొన్నిసార్లు కార్డు తేరుకోలేకపోయేది. నమ్మకం కుదరక, ఎక్స్‌పోర్ట్ పెట్టి ప్లగ్గును నేనే లాగి మళ్లీ పెట్టి చూశాను. ఆరోసారికి పడింది. మీటను యూపీఎస్ వైపు తిప్పాను. ఖర్చు సున్నా.

ఆ తర్వాత పన్నెండు నెలల్లో క్యాలెండరులో పడిన అంకె ఒక్కటే. అదీ నేను కొత్త డ్రైవరు ఎలా ఉంటుందో చూద్దామని కక్కుర్తిపడిన రోజు. ఆ సాయంత్రమే పాతదానికి వెళ్లిపోయాను. పనిచేసే డ్రైవరు ఫైలును ఒక పెన్‌డ్రైవులో దాచి, మీద కాగితం అంటించి, బీరువాలో పత్రాలతో పాటు పెట్టుకున్నాను.

ఈ ల్యాప్‌టాప్ మళ్లీ కొంటానా అని అడిగితే కొంటాను, కానీ వెనక మూత మామూలు స్క్రూలతో తేలిగ్గా వస్తుందా లేదా అని ముందు చూసుకుని. దీని మూత విప్పాలంటే పదకొండు స్క్రూలు, వాటిలో రెండు రబ్బరు కాళ్ల కింద దాక్కుని ఉంటాయి. ఎడిటింగ్‌కు వాడేవాళ్లు ఏడాదికి ఒకసారైనా విప్పించాలి, పీచు మిల్లు పక్కనుంటే రెండుసార్లు. పదిమందిలో తీసుకెళ్లి వాడేవాళ్లకు ఇది సరిపడదు, ఫ్యాన్ మోత పొరుగింటికి వినిపిస్తుంది. ఈమధ్య ఎడమ ఫ్యాన్ కొత్తగా కీచుమంటోంది. పాలకొల్లు ఆయనకు ఫోను చేసి చెప్పాను. ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు కదా, అప్పుడు తీసుకురండి, మార్చేద్దాం అన్నాడు.