నార్విక్ 1940: నీటి మీద గెలుపు, నేల మీద నత్తనడక

1940 ఏప్రిల్ 9న జర్మనీ నార్వే మీద పడింది. స్వీడన్ ఇనుప ఖనిజం ఓడలకెక్కే నార్విక్ రేవుకు 10 డిస్ట్రాయర్లలో (వేగంగా కదిలే యుద్ధనౌకల్లో) సుమారు 2,000 మంది పర్వత సైనికులు దిగారు.

సముద్రం సంగతి నాలుగు రోజుల్లో తేలిపోయింది. అంత దూరం వచ్చిన జర్మన్ ఓడలకు ఇంధనం అడుగంటింది. నింపడానికి వచ్చి చేరిన ట్యాంకరు ఒక్కటే. తిరుగు ప్రయాణం ఆలస్యమైంది. 10న తెల్లవారుజామున మంచు కురుస్తుండగా 5 బ్రిటిష్ డిస్ట్రాయర్లు ఫ్యోర్డ్‌లోకి (కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సన్నటి సముద్రపు పాయలోకి) చొరబడి రెండింటిని ముంచాయి. 13న బ్రిటిష్ యుద్ధనౌక వార్‌స్పైట్ 9 డిస్ట్రాయర్లతో వచ్చి మిగిలిన ఎనిమిదింటి పని పట్టింది.

మరి నేల మీద? ఊరు మిత్రదళాల చేజిక్కింది మే 28న! నార్వే, ఫ్రెంచ్, పోలిష్ దళాలు మోకాలి లోతు మంచులో కొండకొండకూ పోరాడాల్సి వచ్చింది. పైగా ఓడలు పోయిన జర్మన్ నావికులు ఒడ్డెక్కి, నార్వే ఆయుధాగారంలో దొరికిన తుపాకులతో అక్కడి జర్మన్ దళాల అధిపతి జనరల్ డీట్ల్ సైన్యంలో కలిశారు. అంటే నౌకాదళం గెలిచి శత్రువు పదాతి బలాన్ని పెంచిందన్నమాట.

నీటి మీది దాడి, నేల మీది పోరు, ఈ రెండింట్లో ఏది గొప్పంటే నా ఓటు నౌకాదాడికే. కాకపోతే 13 సాయంత్రమే ఊళ్లోకి దింపడానికి వెంట సైన్యం లేకపోవడం ఘోరమైన లోటు. ఫ్రాన్స్ కూలిపోతుండటంతో జూన్ 8కల్లా మిత్రదళాలు గెలిచిన ఊరినీ వదిలేసి ఓడలెక్కాయి.