అనంతపురంలో కొన్న స్పెయిన్ చరిత్ర నోట్స్: 180 పెట్టొచ్చా?

టవర్ క్లాక్ దగ్గర ఒక జిరాక్స్ షాపులో (పేరు వద్దులెండి) ప్రపంచ చరిత్ర నోట్స్ స్పైరల్ బైండింగ్‌తో 180 రూపాయలకు తెచ్చుకున్నా. స్పెయిన్ రాజుల చాప్టర్ మాత్రం అదిరింది.

1492లో ఫెర్డినాండ్, ఇసబెల్లా స్పెయిన్‌లో చివరి ముస్లిం రాజ్యమైన గ్రనడాను గెలవడం, అదే ఏడు యూదులను మతం మారతారా, దేశం వదులుతారా అని తరిమేయడం పక్కపక్కనే పెట్టి చెప్పారు. రెండో ఫిలిప్ గురించైతే ఇంకా బాగుంది. 1571లో లెపాంటో (గ్రీసు తీరం) దగ్గర సముద్ర యుద్ధంలో ఒట్టోమాన్ తురుష్కులను ఓడించిన కూటమిలో ఉన్నవాడే, నెదర్లాండ్స్‌లో ప్రొటెస్టెంట్లను అణచబోయి 80 ఏళ్లు సాగిన యుద్ధాన్ని నెత్తికెత్తుకున్నాడు, అమెరికా వెండి ఓడలకొద్దీ వస్తున్నా అప్పులు తీర్చలేక మళ్లీ మళ్లీ చేతులెత్తేశాడు. 1580 నుంచి పోర్చుగల్ కూడా అతనిదే, అంటే అప్పట్లో పోర్చుగీసువాళ్ల చేతిలో ఉన్న మన పక్క గోవా కూడా! ఇది నాకు ఇన్నాళ్లూ తట్టనే లేదు.

తప్పులూ ఉన్నాయి. ఆర్మడా (ఇంగ్లండ్ మీదికి ఫిలిప్ పంపిన ఓడల దండు) సంవత్సరం 1588 బదులు 1598 అని పడింది, మొరిస్కోల (క్రైస్తవంలోకి మారిన ముస్లింల, వాళ్ల వారసుల) బహిష్కరణ రెండో ఫిలిప్ ఖాతాలో వేశారు. అది 1609లో అతని కొడుకు మూడో ఫిలిప్ చేసిన పని, అదీ డచ్చివాళ్లతో 12 ఏళ్ల సంధి కుదిరిన రోజే నిర్ణయమైంది. పరీక్షకు వారం ముందు ఇది చూసి టెన్షన్ పడి షాపుకెళ్లి అడిగితే, "నేను జిరాక్స్ తీసేవాణ్ణి కదప్పా, రాసినోణ్ణి కాదు" అన్నాడు.

మూడో రోజుకే స్పైరల్ ఊడి 40వ పేజీ చేతికొచ్చింది. కొనండి, కానీ తేదీలు పెన్సిల్‌తో సరిచూసుకోండి.